జుట్టు కోసం విటమిన్ ఎ మాత్రలా? నాకు ఉన్నదీ ఊడింది

"విటమిన్ ఎ తక్కువైతే జుట్టు రాలుతుందట, మాత్రలు మొదలుపెట్టనా" అని అడిగారు. నేనూ సరిగ్గా ఇలాగే అనుకుని చేతులు కాల్చుకున్నా.

రోజూ ఒక మల్టీవిటమిన్, ఒక కాడ్ లివర్ ఆయిల్ గుళిక, పైగా జుట్టు కోసమని ఆన్‌లైన్లో కొన్న ఇంకో మాత్ర వేసుకునేదాన్ని, మూడింట్లోనూ ఎ ఉందని చూసుకుంటే ఒట్టు. ఆదివారం కార్జం వేపుడు సరేసరి, అందులోనూ ఎ దండిగా ఉంటుంది. ముందు పెదాలు పగిలాయి, చలికాలం కదా అనుకున్నా. మూడో నెలకి తలస్నానం చేసిన ప్రతిసారీ బాత్రూం జాలీ మీద జుట్టు ఉండకట్టేది, తీసి చూస్తే ఒక్కో వెంట్రుక మొదట్లో తెల్లటి చిన్న బొడిపె.

స్కిన్ డాక్టర్ గారు డబ్బాలన్నీ తెప్పించుకుని, వెనక లేబుళ్లు చూసి చీటీ మీద కూడారు: 10,000, 5,000, 2,500 యూనిట్లు. మొత్తం 17,500, యూనిట్‌కి 0.3 మైక్రోగ్రాము చొప్పున 5,250 మైక్రోగ్రాములు! తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో ఆడవాళ్లకి రోజుకి 840 చాలు, 3,000 దాటకూడదు.

నాకు అర్థమైంది ఇదీ. రక్తంలో వచ్చిన రెటినోల్‌ని, అంటే విటమిన్ ఎని, వెంట్రుక కుదురే రెండు మెట్లలో రెటినోయిక్ యాసిడ్‌గా మార్చుకుంటుంది, మిగిలినదాన్ని విరగ్గొట్టే ఎంజైములూ దానికున్నాయి. ఆ యాసిడ్ మరీ తక్కువైనా కష్టమే, ఎక్కువైతే మాత్రం ఏళ్ల తరబడి పెరగాల్సిన వెంట్రుక మధ్యలోనే పెరుగుదల ఆపేసి విశ్రాంతిలోకి పోయి, రెండు మూడు నెలలకి ఊడుతుంది. అందుకే ఇవాళ రాలే జుట్టుకి నిన్న మార్చిన షాంపూని తిట్టి లాభం లేదు. మొటిమలకి ఇచ్చే ఐసోట్రెటినోయిన్‌తో కొందరికి జుట్టు పలచబడుతుంది కదా, అదీ విటమిన్ ఎ కుటుంబం మందే.

సి విటమిన్‌లా విటమిన్ ఎ మూత్రంలో పోదు, లివర్‌లో పేరుకుంటుంది. మునగాకు, క్యారెట్, బొప్పాయి ఎంత తిన్నా ఈ భయం లేదు, అందులోని కెరోటిన్‌ని ఒళ్లు కావాల్సినంతే విటమిన్ ఎగా మార్చుకుంటుంది, మహా అయితే అరచేతులు పసుపెక్కుతాయి. కడుపుతో ఉన్నా, ఆ ఆలోచనలో ఉన్నా ఎ మాత్రలు సొంతంగా అసలు ముట్టుకోవద్దు, బిడ్డకి ప్రమాదం.

ముందు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే రక్త పరీక్ష), థైరాయిడ్ చూపించుకోండి. నేను మూడు డబ్బాలూ మానేశాక కూడా ఇంకో రెండు నెలలు రాలింది. తర్వాత నుదుటి దగ్గర పిల్ల వెంట్రుకలు నిక్కబొడుచుకుని వచ్చాయి, నూనె రాసినా అణగవు.