మీ అమ్మ బరువు తగ్గించే ముందు

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

మూడు నెలలు ఇంటి నుంచే పనిచేసేలా ఆఫీసులో ఒప్పించి పాలకొల్లు వచ్చేస్తున్నావట. సంక్రాంతికల్లా మీ అమ్మని పదిహేను కేజీలు తగ్గిస్తానని పంతం పట్టావట. నిన్న మీ అమ్మే ఫోన్‌లో చెప్పింది. నా చెల్లెలు అదృష్టవంతురాలు, ఆ మాట దానితోనూ అన్నాను. కానీ పదిహేను కేజీలని విన్నాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

మీ అమ్మ గుండె గురించి నీ భయం అర్థం లేనిది కాదు. గుండెజబ్బు పట్నాల వాళ్ళకే వస్తుందని మనవాళ్ళు చాలాకాలం ధీమాగా ఉన్నారు. ఇరవయ్యేళ్ళ క్రితమే మన ఉభయ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళలో ఏడాదిపాటు జరిగిన చావులకు కారణాలు ఆరా తీస్తే, నూటికి 32 గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే అని తేలింది. అప్పుడు వార్డులో డ్యూటీ చేస్తున్న నాకు అది కొత్త సంగతి కాదు. కాలవలు వచ్చి మూడు పూటలా అన్నం దొరికింది, మిషన్లు వచ్చి చేలో ఒళ్ళు వంచే పని తగ్గింది. మీ అమ్మకి షుగరు, బీపీ రెండూ ఉన్నాయి, పొట్ట కూడా పెరిగింది. తగ్గాల్సిందే. ఎలా తగ్గాలన్నదే నా బెంగ.

మీ పెద్దమామయ్య సంగతి నీకు సగమే తెలుసు. బాత్రూంలో కాలు జారి పడ్డాడని అందరికీ చెప్పారు. జరిగింది వేరు. అన్నయ్యకి అప్పుడు అరవై ఎనిమిది. ఎవరో చెప్పిన డైట్ పట్టుకుని ఆయన కొడుకు అన్నం పూర్తిగా మానిపించాడు. పగలు ఒక్క పూట కూరలు, రాత్రి మజ్జిగ. రెండు నెలల్లో చొక్కాలన్నీ వదులైపోయాయి. బజారులో కనిపించినవాళ్ళంతా "కుర్రాడిలా అయ్యారండీ" అంటుంటే అన్నయ్య మురిసిపోయాడు. నేను విశాఖలో ఉన్నాను, ఫోటో చూసి నేనూ సంతోషించాను. తిండి సగానికి సగం తగ్గింది కానీ షుగరు మాత్రలు పాత మోతాదులోనే నడుస్తున్నాయని ఎవరికీ తట్టలేదు. గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని తిండి తినకపోతే షుగరు పడిపోతుంది. బీపీ మాత్ర కూడా అంతే, ఒళ్ళు తగ్గాక పాత మోతాదు ఎక్కువై, మంచం మీంచి లేవగానే కళ్ళు తిరుగుతాయి. తెల్లవారుజామున ఒళ్ళంతా చెమటలు పట్టి, ఎక్కడున్నాడో తెలియక తడుముకుంటూ వెళ్ళి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ ఆ రెండు నెలల్లో కొవ్వుతోపాటు తొడల్లో కండ కూడా కరిగిపోయింది, వాకర్ పట్టుకుని నిలబడే బలం లేదు. మంచాన ఉండగా బరువు మళ్ళీ పెరిగింది, అంతా పొట్టలోనే. పోయిన కండ తిరిగి రాలేదు. కాలవ గట్టు మీద నన్ను సైకిలెక్కించుకుని బడికి తీసుకెళ్ళిన మనిషికి, గుమ్మం దాటడానికి ఇద్దరి సాయం కావాల్సి వచ్చింది.

అందుకే నాకు అన్నిటికన్నా ముందు మాత్రలు. నువ్వు వంటింట్లో ఏదైనా మార్చకముందే మీ అమ్మ మాత్రలన్నీ తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళు. తిండి తగ్గిస్తున్నామని చెప్పి మోతాదు అడుగు. కొలెస్ట్రాల్ మాత్ర మాత్రం సన్నబడ్డానని సొంతంగా ఆపనివ్వకు. మొదటి నెల గ్లూకోమీటర్ తలగడ పక్కనే ఉండాలి. డెబ్భై లోపు చూపిస్తే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించు, పావుగంటకి మళ్ళీ చూడు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకు, 108కి ఫోన్ చెయ్యి.

ఇక పదిహేను కేజీల మాట మర్చిపో. ఆమె ఉన్నది డెబ్భై ఎనిమిది. నాలుగు కేజీలు తగ్గినా షుగరూ బీపీ దిగుతాయి. వారానికి అరకేజీ దాటనివ్వకు. కాటా కన్నా కుట్టుమిషన్ టేపుని నమ్ము. మన ఆడవాళ్ళకి నడుము 80 సెంటీమీటర్లు దాటితే లోపల కొవ్వు పేరుకున్నట్టే, గుండెకి చేటు చేసేది అదే. రోజూ నడవాలి, ఆవకాయ, ఉప్పుచేప తగ్గాలి, పూతరేకులు పండగలకే. ఇవి నీకు తెలిసినవే.

నీకు తెలియందల్లా కండ సంగతే. తిన్న అన్నంలోని షుగరుని ఎక్కువగా వాడుకునేది కండలే, వాటిని పోగొట్టి షుగరు తగ్గిస్తానంటే కుదరదు. కిడ్నీ పరీక్ష బాగుంటే ప్రతి పూటా పప్పో, గుడ్డో, చేపో, పెరుగో ఉండాలి. కంచంలో అన్నం సగం చెయ్యి, మానిపించకు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోమను, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మొదట్లో నువ్వు పక్కనే నిలబడు. బాత్రూంలో పట్టుకోడానికి కమ్మీ వేయించు. ఇది మాత్రం వాయిదా వెయ్యకు తల్లీ, మేస్త్రీ డబ్బులు నేను పంపుతాను.

ఇంకొకటి. షుగరున్న ఆడవాళ్ళకి గుండెపోటు గుండెల్లో నొప్పితోనే రావాలని లేదు. ఆయాసం, చెమటలు, వాంతి, దవడ లాగడం, అంతే. మీ అమ్మ దేనికైనా గ్యాసే అంటుంది, సోడా తాగుతుంది. నువ్వు నమ్మొద్దు, వెంటనే ఆసుపత్రికి బయల్దేరదియ్యి.

దాన్ని కసరకు. మీ నాన్న పోయాక ఒక్కతే తింటూ, టీవీ ముందు రెండు ముద్దలు ఎక్కువ తింటోంది, అంతే. నువ్వు పక్కన కూర్చుని తింటే సగం పని అదే అవుతుంది. డాక్టరు రాసిన కాగితం, పాత మాత్రల అట్టలు రెండూ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. నేను చూసి ఫోన్ చేశాకే కొత్త తిండి మొదలుపెట్టు.

మీ పెద్దమ్మ