తాత గడియారమా, నిలువు గడియారమా?

సందేహం: మా అత్తవారిల్లు విశాఖపట్నం వన్‌టౌన్‌లో ఉంది. అన్నదమ్ముల పంపకాల కోసం ఇంట్లో సామానుకు తెలుగులో జాబితా రాస్తున్నాం. హాల్లో మనిషికంటే ఎత్తున్న గడియారం ఒకటి ఉంది. దాన్ని 'తాత గడియారం' అని రాస్తే మా మరిది ఒప్పుకోవడం లేదు. 'చెక్క బీరువా' అనడం తప్పా? దంతపు పని ఉన్న పెట్టెను 'నగిషీ పెట్టె' అంటే సరిపోతుందా? వీటిని 'పురాతన' అనాలా, 'పాతకాలపు' అనాలా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: మీ మరిదిగారి అభ్యంతరం న్యాయమైనదే. 'తాత గడియారం' అంటే తెలుగులో తాతయొక్క గడియారం అనే అర్థం. షష్ఠీ తత్పురుష సమాసం. తాతగారు చేతికి పెట్టుకున్న వాచీ అయినా ఆ మాటకు సరిపోతుంది. ఉత్తప్పుడు ఎవరూ పట్టించుకోరు కానీ, పంపకాల కాగితంలో అలా రాస్తే 'ఏ తాత? ఏ గడియారం?' అని రేపు పేచీ రావచ్చు. 'తాతల నాటి గడియారం' అన్నా అది ఎప్పటిదో చెబుతుందే తప్ప ఎలాంటిదో చెప్పదు.

ఇంగ్లీషులో కూడా 'గ్రాండ్‌ఫాదర్ క్లాక్' మొదటినుంచీ ఉన్న పేరు కాదు. 1876లో హెన్రీ క్లే వర్క్ అనే అమెరికన్ రాసిన పాట జనంలోకి బాగా వెళ్లాక ఆ పేరు స్థిరపడింది. పాత గడియారాల పని తెలిసినవాళ్లు ఇప్పటికీ 'లాంగ్‌కేస్ క్లాక్' అనే అంటారు. వాళ్ల పాట వల్ల వచ్చిన ముద్దుపేరును మనం మక్కికి మక్కి దించుకోనక్కర్లేదు. గోడకు ఉంటే గోడ గడియారం, చేతికి ఉంటే చేతి గడియారం, జేబులో ఉంటే జేబు గడియారం. ఎక్కడ ఉంటుందో దాన్నిబట్టి పేరు పెట్టుకున్నాం. ఆ వరసలో నేలమీద నిలబడేదాన్ని 'నిలువు గడియారం' అంటే వినగానే తెలుస్తుంది.

ఆ నిలువు కూడా అందం కోసం వచ్చింది కాదు. 1656లో డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ గడియారానికి లోలకం పెట్టాడు. లోలకం ఒక పక్కనుంచి రెండో పక్కకు వెళ్లడానికి సరిగ్గా ఒక సెకను పట్టాలంటే దాని పొడుగు 99 సెంటీమీటర్లకు కాస్త అటూఇటూ ఉండాలి. దాంతోపాటు, గడియారాన్ని నడిపించే బరువు దిమ్మలు రోజురోజుకూ కొంచెం కొంచెంగా కిందికి దిగడానికి చోటు కావాలి. ఇవన్నీ పట్టాలంటే పొడుగాటి పెట్టె తప్పదు. మీ జాబితాలో 'పెండ్యులం' బదులు 'లోలకం' రాయండి, బడి పుస్తకాల వల్ల అది అందరికీ తెలిసిన మాటే. గంటలు, నిమిషాలు చూపించేవి 'ముళ్లు'. ఈమధ్య కొన్ని అనువాదాల్లో 'గడియారం చేతులు' అని కనిపిస్తోంది. చిన్న ముల్లు, పెద్ద ముల్లు అని చిన్నపిల్లలు కూడా అనే భాషలో ఆ మాట అవసరం లేదు.

ఇక బీరువా. ఇది 'బ్యూరో' అన్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. అక్కడ బ్యూరో అంటే రాసుకునే బల్ల. మన దగ్గరికి వచ్చేసరికి తలుపులున్న నిలువు అర అయింది. ఒకప్పుడు బీరువా అంటే చెక్కదే కాబట్టి విడిగా చెప్పే పని ఉండేది కాదు. ఇనప బీరువాలు ఇంటింటికీ వచ్చాక ఉత్త 'బీరువా' అంటే ఇనపదే గుర్తొస్తోంది. అందుకని 'చెక్క బీరువా' తప్పు కాదు, పునరుక్తి అసలే కాదు. 'కలప బీరువా' అని మాత్రం రాయకండి. కలప అంటే ఇంకా సామానుగా మారని దుంగలు, దూలాలు. ఏ చెక్కో తెలిస్తే 'టేకు బీరువా' అనండి, ఇంకా మంచిది. రోజ్‌వుడ్‌కు 'ఇరుగుడు' అనే చక్కని తెలుగు పేరుంది. అయితే మీ వడ్రంగి రోజ్‌వుడ్ అనే అంటాడు కాబట్టి జాబితాలో రెండూ రాయండి.

పెట్టె విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది మీ ఊరి పనితనం కావచ్చు. 18వ శతాబ్దంలో విశాఖపట్నం పనివాళ్లు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగుల కోసం ఇంగ్లీషు తరహా కుర్చీలు, బల్లలు, పెట్టెలు చేసి వాటికి ఏనుగు దంతం అమర్చేవారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆ సామాను ఉంది. వేలంపాటల్లో ఇప్పటికీ వాటిని 'వైజాగపటం' అని ఊరి పాత పేరుతోనే పిలుస్తారు. అంత పేరున్న పనిని 'నగిషీ' అన్న ఒక్క మాటతో సరిపెట్టడం నాకు నచ్చదు. మన దగ్గర ఇంతకంటే కచ్చితమైన మాటలు ఉన్నాయి. చెక్కలో గాడి తీసి, దంతపు ముక్కను అందులో కూర్చి, పైన చదునుగా చేస్తే అది 'పొదిగిన' పని. దంతాన్ని పలచని రేకులుగా కోసి చెక్క కనబడకుండా పైనంతా అతికిస్తే 'తాపడం' చేసినట్టు. గుడి తలుపులకు వెండి తాపడం అంటామే, అదే మాట. చెక్కనే తొలిచి పువ్వులు, లతలు తేలిస్తే 'చెక్కుడు' పని. విశాఖ పనిలో మొదట పొదగడం ఎక్కువ, తర్వాత్తర్వాత తాపడం పెరిగింది. మీ పెట్టెను వెలుతురులో పెట్టి చూడండి. దంతం మీద సన్నని నల్లని గీతలతో బొమ్మలు కనిపిస్తే, అవి రంగుతో పైపైన వేసినవి కాదు. దంతాన్ని గీరి, ఆ గీతల్లోకి లక్క నింపినవి. అప్పుడు 'దంతపు తాపడం, లక్క నింపిన గీతల బొమ్మలు' అని రాస్తే చదివినవాళ్లకు వస్తువు కళ్లకు కడుతుంది.

'దంతం' అని రాసేముందు అది నిజంగా దంతమేనా అన్నది తెలిసినవాళ్లకు చూపించండి. ఎముకతో చేసిన పనీ ఉంటుంది. ఎముకలో సూదిమొనంత నల్లని చుక్కలు, చిన్న గీట్లు కనబడతాయి. ఏనుగు దంతం అమ్మకం మన దేశంలో నిషేధం కాబట్టి, ఈ ఒక్క మాట తప్పుగా పడినా ఇబ్బందే.

'పురాతన' తప్పు మాట కాదు. కానీ అది బొజ్జన్నకొండ బౌద్ధ గుహలకూ సింహాచలం గుడికీ సరిపోయేంత పెద్ద మాట. ఉత్త 'పాత సామాను' అంటే వీధిలో బండి తోసుకొచ్చి కొనుక్కుపోయే సామాను గుర్తొస్తుంది. మీ ఇంటివాటికి 'పాతకాలపు' సరైనది. 'పురావస్తువు' జోలికి మాత్రం పోకండి. దానికి 1972 నాటి చట్టంలో నిర్వచనం ఉంది, ఇలాంటి వస్తువులకు కనీసం నూరేళ్లు నిండి ఉండాలి.

గడియారానికి పద్దు ఇలా రాసుకోవచ్చు: 'హాల్లోని పాతకాలపు నిలువు గడియారం ఒకటి, టేకు పెట్టె, లోలకం, బరువు దిమ్మలు, కీ ఇచ్చే తాళంచెవితో సహా.' దిమ్మలు ఎన్నో లెక్కపెట్టి ఆ అంకె కూడా వేయండి. విడి భాగాలు ఒకరికి, పెట్టె ఒకరికి పోతే గడియారం ఎవరింట్లోనూ నడవదు.