నార్తర్న్ సోల్ (ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బుల్లో పాత అమెరికన్ సోల్ రికార్డులకు ఆడే సంస్కృతి) డాన్సుల్లో గాత్రం లేని రికార్డులు అన్నేసి ఎక్కడి నుంచి వచ్చాయి?

చాలావరకు 1960ల అమెరికన్ సింగిల్స్ (వైపుకో పాట ఉండే చిన్న రికార్డులు) బి-సైడ్ల నుంచే, అంటే రెండో వైపు నుంచే. చిన్న కంపెనీకి రెండో వైపు మరో పాట తీయాలంటే స్టూడియో ఖర్చు. అందుకే ఎ-సైడ్ పాటలో గొంతు తీసేసి, వాద్యాల ట్రాక్‌నే రెండో వైపు వేసేసేవారు. రేడియో వాళ్లు పొరపాటున వేరే పాట ఎత్తుకునే బెడద కూడా ఉండదు. ఉత్తర ఇంగ్లండ్‌లో తెల్లవార్లూ ఆడేవాళ్లకు కావలసింది అమెరికన్ సోల్ కంపెనీ మోటౌన్ తరహా వేగం, ప్రతి బీట్ మీదా పడే డ్రమ్ము. అవి గొంతు లేకపోతేనే ఇంకా స్పష్టంగా వినిపిస్తాయి.

లూథర్ ఇంగ్రామ్ ఆర్కెస్ట్రా పేరున్న ‘ఎక్సస్ ట్రెక్’ చూడండి. హిబ్ లేబుల్ మీద 1966లో వచ్చిన సింగిల్‌కు అది బి-సైడ్. ఎ-సైడ్ పాడిన ఇంగ్రామ్ గాయకుడు. ‘ఆర్కెస్ట్రా’ అని ఉన్నంత మాత్రాన ఆయనకు సొంత బృందం ఉందనుకోనక్కర్లేదు. రికార్డు వెతికేవాళ్లు గాయకుడి పేరుతోనూ చూడాలి.

ఇవన్నీ అచ్చమైన అరుదైన సోల్ అనుకోవడం మాత్రం పొరపాటు. ఉత్తర ఇంగ్లండ్‌లో పేరున్న నార్తర్న్ సోల్ క్లబ్బు విగన్ క్యాసినోలో ‘హవాయీ ఫైవ్-ఓ’ లాంటి టీవీ ట్యూన్లకూ ఆడారు. 1975లో బ్రిటన్ టాప్ 10కి ఎక్కిన ‘ఫుట్‌సీ’ అయితే పాత రికార్డునే వేగం పెంచి, జనం కేకలు కలిపి అమ్మిన సరుకు.