ఇరవై మంది పిల్లల్ని నీకు అప్పగించారట కదా

అమ్మా,

నిన్న నీ ఫోన్ వచ్చినప్పటి నుంచీ నా ఆలోచనంతా అక్కడే ఉంది. సెకండియర్ సివిల్ పిల్లలు ఇరవై మందికి నిన్ను మెంటర్‌గా వేశారు, ఒక రిజిస్టరు చేతికిచ్చారు, నెలకోసారి సంతకాలు పెట్టించమన్నారు. "సార్, అసలు వాళ్ళతో ఏం మాట్లాడాలి?" అని అడిగావు. ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను. ముప్పై ఏళ్ళకు పైగా ఈ పని చేసినవాణ్ణి, తీరిగ్గా రాస్తేనే బావుంటుందనిపించింది.

రిజిస్టరు నింపు, తప్పదు. కాలేజీకి తనిఖీకి వచ్చేవాళ్ళు ముందు అదే అడుగుతారు. కానీ "బాగా చదవమని చెప్పడమైనది" అని మాత్రం ఎప్పుడూ రాయకు. బాగా చదవమంటే బాగుపడిన పిల్లవాణ్ణి నేను చూడలేదు. ఏ సబ్జెక్టులో, ఏ పాఠం దగ్గర, ఏం అర్థం కాక ఆగిపోయాడో అది రాయి. అది రాయాలంటే నువ్వు ముందు కనుక్కోవాలి. ఈ ఉత్తరంలో నేను చెప్పదలుచుకున్నది దాదాపు అంతా ఇదే.

మొదటిసారి అందర్నీ కలిపి కూర్చోబెట్టకు. ఒక్కొక్కరికీ పావుగంట ఇవ్వు. స్టాఫ్ రూమ్‌లో నలుగురి మధ్య వద్దు, ల్యాబ్ ఖాళీగా ఉన్నప్పుడు పిలువు. ఫస్టియర్ మార్కుల మెమోలు, మెకానిక్స్ నోట్‌బుక్ తెచ్చుకోమను. మెమో చూసి ఊరుకోకు, నోట్‌బుక్ తెరిపించు. మన బ్రాంచిలో సబ్జెక్టులు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. మెకానిక్స్ మీద స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్, దాని మీద స్ట్రక్చరల్ అనాలిసిస్, దాని మీద ఆర్‌సీసీ (ఊచలు వేసిన కాంక్రీటు), స్టీల్ డిజైన్. ఇటు ఫ్లూయిడ్ మెకానిక్స్ మీద హైడ్రాలిక్స్, ఇరిగేషన్. థర్డియర్‌లో ఆర్‌సీసీ తప్పినవాడికి ఆర్‌సీసీ ట్యూషన్ పెట్టించి లాభం లేదు. వాడికి తెగింది ఫస్టియర్‌లో, వస్తువు మీద పడే బలాలన్నీ గీసి చూపే ఫ్రీ బాడీ డయాగ్రమ్ దగ్గర.

ఒక కోనసీమ కుర్రాడి సంగతి చెబుతాను. స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ రెండుసార్లు తప్పాడు. రెండు కొసలా ఆనిన నాలుగు మీటర్ల సింప్లీ సపోర్టెడ్ బీమ్ గీసి, నడిమధ్య పది కిలోన్యూటన్ల లోడ్ పెట్టి ఎక్కడ ఎంత వంచే ప్రభావం పడుతుందో చూపే బెండింగ్ మూమెంట్ డయాగ్రమ్ వేయమన్నాను. గబగబా వేశాడు. త్రిభుజం, మధ్యలో పది కిలోన్యూటన్ మీటర్లు, అంతా సరిగ్గానే ఉంది. "మరి ఈ బీమ్ పైభాగం సాగుతోందా, అడుగుభాగం సాగుతోందా?" అన్నాను. తల దించుకున్నాడు. బొమ్మ చేతికి వచ్చింది గానీ దాని వెనకాల ఏం జరుగుతోందో తెలియదు.

"మీ ఊళ్ళో కాలవ మీద తాటిపట్టె వేసి దాటతారా?" అని అడిగాను.

"దాటతాం సార్."

"నువ్వు నడుమకి వచ్చేసరికి ఏమవుతుంది?"

"కిందికి వంగుతుంది."

"విరిగితే పగులు ముందు ఎక్కడ కనిపిస్తుంది?"

కాసేపు ఆలోచించాడు. "అడుగున సార్. పీచు అడుగున లేస్తుంది."

"అదే సాగుదల. కాంక్రీటు నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే ఓర్చుకోలేదు. అందుకే ఊచలు అడుగున పెడతాం. మరి కావిడి సంగతేంటి? నడుమ భుజం, రెండు కొసలా బరువు."

వాడు చెయ్యి భుజం మీద పెట్టుకుని చూసుకున్నాడు. "పైన సాగుతుంది సార్!" అన్నాడు. ఆ గొంతు నాకింకా గుర్తుంది. బయటికి పొడుచుకొచ్చిన బాల్కనీలో ఊచలు పైన ఎందుకుంటాయో నేను చెప్పక్కర్లేకపోయింది, వాడే నాకు చెప్పాడు. ఆ సెమిస్టర్‌లోనే సప్లీ గట్టెక్కాడు.

ఇంకోటి గమనించు. వాడు ఆ జవాబులన్నీ తెలుగులో చెప్పాడు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లలు వైవాలో నోరు విప్పకపోతే రాదనుకుంటాం. ముందు తెలుగులో చెప్పనివ్వు. అర్థమైన విషయాన్ని రెండు నెలల్లో ఇంగ్లీషులోకి తెచ్చుకుంటారు. అర్థం కాని విషయాన్ని ఇంగ్లీషులో బట్టీ పట్టిస్తే పరీక్ష గదిలోనే మర్చిపోతారు.

ఈసెట్ రాసి నేరుగా సెకండియర్‌లోకి వచ్చిన పాలిటెక్నిక్ పిల్లలు నీ ఇరవైలో ఎంతమంది ఉన్నారో చూసుకో. సర్వేలో ఎత్తులు చూసే కొలబద్ద, అదే లెవలింగ్ స్టాఫ్, పట్టుకోవడం, డ్రాయింగ్ వేయడం వాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. కానీ మిగతావాళ్ళు ఫస్టియర్‌లో చదివిన మ్యాథ్స్ వీళ్ళు చదవలేదు. డిఫరెన్షియల్ ఈక్వేషన్ రాగానే బిక్కమొహం వేస్తారు, అడగడానికి నామోషీ. వీళ్ళనీ మ్యాథ్స్ బాగా వచ్చిన రెగ్యులర్ పిల్లలనీ జతలుగా కూర్చోబెట్టు. సర్వే ల్యాబ్‌లో వీళ్ళు నేర్పుతారు, మ్యాథ్స్‌లో వాళ్ళు నేర్పుతారు. ఎవరికీ చిన్నతనం ఉండదు.

హాజరు గురించి మొదటి నెలలోనే మాట్లాడు, ఆఖరి నెలలో కాదు. 75 శాతం ఉండాలని అందరికీ తెలుసు. 65కీ 75కీ మధ్య ఉంటే డాక్టర్ సర్టిఫికెట్ పెట్టి, ఫీజు కట్టి గట్టెక్కవచ్చని కూడా తెలుసు. దాన్నే నమ్ముకుని కూర్చునేవాళ్ళుంటారు. 65 కంటే కిందికి దిగితే ఆ సెమిస్టర్ మళ్ళీ మొదటి నుంచి చదవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే పిల్లలకి ఆ దెబ్బ ఇంటిదాకా తగులుతుంది. హాజరు తగ్గినవాణ్ణి తిట్టేముందు ఎందుకు తగ్గిందో అడుగు. నాట్లప్పుడు, కోతలప్పుడు ఇంటికెళ్ళి పని చేసొచ్చేవాళ్ళుంటారు. రాత్రిళ్ళు డెలివరీ పని చేసేవాళ్ళూ ఉంటారు.

ఇక కంప్యూటర్స్ సీటు రాక సివిల్‌లో చేరిన పిల్లలు. నీ ఇరవైలో సగం మంది వాళ్ళే కావచ్చు. వాళ్ళకి సివిల్ గొప్పదనం మీద ఉపన్యాసం ఇవ్వకు. సైటుకి తీసుకెళ్ళు. కాలేజీ పక్కన ఎక్కడో ఒక ఇల్లు కడుతూనే ఉంటారు. మేస్త్రిని మర్యాదగా అడిగితే కాదనడు. స్లాబ్ వేసే ముందురోజు వెళ్ళండి, ఊచలన్నీ కనిపిస్తాయి. బాల్కనీ దగ్గర నిలబెట్టి, పై ఊచల కింద ఆ చిన్న చిన్న వంకర ముక్కలు ఎందుకు పెట్టారని అడుగు. పోత పోసేటప్పుడు కూలీలు తొక్కితే పై ఊచలు కిందికి దిగిపోతాయి. దిగితే, సాగే చోట ఇనుము లేనట్టే. చెయిర్లంటారు వాటిని. పుస్తకంలో చదివిన బెండింగ్ మూమెంట్ అంతా ఆ వంకర ముక్క మీద నిలబడి ఉందని కళ్ళారా చూస్తే, కనీసం నలుగురైదుగురు ఇటు తిరుగుతారు.

మన గోదావరి జిల్లాల పిల్లలైతే ఒక ఆదివారం ధవళేశ్వరం తీసుకురా, నేనూ వస్తాను. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేశాడని అందరూ చెబుతారు. అది చాలదు. తూర్పు డెల్టాకి ధవళేశ్వరం, మధ్య డెల్టాకి బొబ్బర్లంక, పశ్చిమ డెల్టాకి విజ్జేశ్వరం హెడ్ స్లూయిసులు, అంటే నదిలోంచి కాలవలోకి నీళ్ళు వదిలే తూములు. ఎవరి చేనుకి ఏ కాలవ నీళ్ళు వస్తున్నాయో ఇంటికి ఫోన్ చేసి కనుక్కోమను. ఆ తర్వాత ఇరిగేషన్ పాఠం చెప్పి చూడు.

ఇవన్నీ చేసినా కొందరికి ప్రోగ్రామింగ్ మీదే మనసుంటుంది. వాళ్ళని ఆపకు. అదనంగా దాదాపు ఇరవై క్రెడిట్లు చదివితే డిగ్రీతో పాటు ఇంకో బ్రాంచిలో మైనర్ వస్తుంది, దాని నియమాలు నువ్వే ముందు చదివిపెట్టుకో. కానీ డిగ్రీకి కావలసిన 160 క్రెడిట్లు సివిల్‌వే. బ్యాక్‌లాగ్‌లు పెట్టుకుని కోడింగ్ కోర్సుల వెంట పడితే రెంటికీ చెడతారని స్పష్టంగా చెప్పు.

ఉద్యోగాల దగ్గరికి వస్తే, నేను చేసిన ఒక తప్పు నీకు చెప్పాలి. మంచి మార్కులున్న కుర్రాడు ఒకడు ఫైనలియర్‌లో నా దగ్గరికొచ్చాడు. సైటు ఉద్యోగం ఒకటి చేతిలో ఉంది. "నీ బుర్రకి ఆ ఉద్యోగం ఎందుకురా, గేట్ రాసి ఎంటెక్ చెయ్యి" అన్నాను. నా మాట మీద ఉద్యోగం వదిలేశాడు. ఆ ఏడు ర్యాంకు రాలేదు. వాళ్ళ నాన్న వడ్డీకి అప్పు తెచ్చి ఇల్లు నడుపుతున్నాడని, చెల్లెలి పెళ్ళి నెత్తి మీదుందని నాకు ఏడాది తర్వాత తెలిసింది. నేను అడగలేదు, వాడు చెప్పలేదు. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు బాధే.

అందుకని ఏ దారి చెప్పేముందైనా ఇంటి సంగతి అడుగు. ఎవరి సంపాదన మీద ఇల్లు నడుస్తోంది, డిగ్రీ అయ్యాక ఎన్ని నెలలు ఆగగలరు, ఈ రెండూ తెలియకుండా గేట్ అనీ, ఏఈఈ, ఐఈఎస్ లాంటి ప్రభుత్వ ఇంజనీర్ ఉద్యోగాల పరీక్షలనీ చెప్పకు. ఆగగలిగినవాళ్ళకైతే థర్డియర్‌లోనే గేట్ రాయవచ్చని చెప్పు, స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. నూటికి 15 మార్కులు ఆప్టిట్యూడ్‌వి, దాదాపు 13 మ్యాథ్స్‌వి. నీ ఈసెట్ పిల్లలు అక్కడే వెనకబడతారు కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టించు. గేట్ స్కోరుతో ఎంటెక్‌లో చేరితే నెలకి 12,400 స్టైపెండ్ వస్తుందన్న సంగతి చాలా ఇళ్ళల్లో తెలియదు. అది తెలిస్తే కొందరు తల్లిదండ్రుల లెక్క మారుతుంది.

ఆడపిల్లల విషయంలో నీకు నాకంటే బాగా తెలుసు. సైటు ఉద్యోగం వద్దని ఇంట్లోవాళ్ళు అంటారు, మన స్టాఫ్‌లో కొందరు మగవాళ్ళూ అంటారు. నువ్వు వాళ్ళ తరఫున నిర్ణయం చేయకు, ఇంటర్వ్యూలో ఏం అడగాలో నేర్పు. సైటులో టాయిలెట్ ఉందా, ఉండటానికి గది ఎక్కడిస్తారు, రాత్రి పోత ఉంటే తిరిగి దింపేదెవరు? ఇవి అడగడం తప్పు కాదని నీ నోటితో చెబితే ధైర్యం వస్తుంది.

ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్లు డబ్బిచ్చి తెచ్చుకోవడం ఎక్కువైందని విన్నాను. ఎంత చిన్న కాంట్రాక్టర్ దగ్గరైనా ఫరవాలేదు, నిజంగా వెళ్ళమను. రోజుకో పేజీ రాయమను. ఆ రోజు ఎంత కాంక్రీటు పోశారు, బలం పరీక్షించడానికి ఎన్ని కాంక్రీటు క్యూబులు తీశారు, ఏడు రోజులకి బలం ఎంత వచ్చింది, ఇరవై ఎనిమిదికి ఎంత వచ్చింది. మన కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 ప్రకారం 6 నుంచి 15 ఘనపు మీటర్ల పోతకి రెండు శాంపిళ్ళు, ఒక్కోదానికి మూడు క్యూబులు. సైటులో అలా తీశారో లేదో చూసి రాసినవాడు రేపు ఏ ఇంటర్వ్యూలోనూ తడబడడు. ఆ పేజీలు నువ్వు చదువు. చదివినట్టు మార్జిన్‌లో ఒక ప్రశ్న రాసి తిరిగివ్వు. నువ్వు చదువుతావని తెలిస్తేనే వాళ్ళు రాస్తారు.

సోమవారం నుంచి మొదలుపెడతానన్నావు. రోజుకి ఇద్దరిని పిలిస్తే పది పనిదినాలు పడుతుంది. తొందరపడకు. అందరికంటే వెనక, గోడకి ఆనుకుని కూర్చునేవాళ్ళని ముందు పిలువు. ఎవరి నోట్‌బుక్ ఎక్కడ ఆగిపోయిందో నాకు ఫోన్ చేసి చెప్పు. ధవళేశ్వరం రావాలనుకుంటే మాత్రం శనివారంలోపు కబురు పెట్టు, మీ పిన్ని పులిహోర చేస్తానంటోంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు