పళ్లెంలో అన్నం తగ్గించి, కూర పెంచు

అనంతపురం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీరసంగా ఉంటోందనీ, మధ్యాహ్నం తిన్నాక ఆఫీసులో కునుకు పడుతోందనీ ఫోనులో చెప్పావు. ఏం తింటున్నావని అడిగితే పళ్లెం నిండా అన్నం, రెండు గరిటెల పలుచని సాంబారు అన్నావు. బలానికి టానిక్కు కొనే ముందు ఆ పళ్లెం సంగతి చూడమ్మా.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు, రోజుకు 2000 కిలో కేలరీలు కావలసిన మనిషికి వండక ముందు తూకంలో ధాన్యం 250 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు ఉండాలంటాయి. కూర్చుని చేసే ఉద్యోగం కనుక నీకు ధాన్యం ఇంకా తక్కువే చాలు. మన ఇళ్లలో ఈ లెక్క తలకిందులై, కూర అన్నంలో నంజుకునేదిగా మారింది.

కర్నూలులో ఉంటూ రాగులను మరవవద్దు. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది; అదే తూకం బియ్యంలో పది మిల్లీగ్రాములు కూడా ఉండదు. అయితే ముప్పావు వంతు బియ్యం ఉడికించి, రంగు కోసం పిండి చల్లిన ముద్దతో ఆ ఫలితం రాదు. మీ అమ్మమ్మ రెండు పిడికిళ్ల నూకలు మెత్తగా ఉడికాక రాగిపిండి కుప్పగా పోసి, మూత పెట్టి ఆవిరి పట్టనిచ్చి, కుండను కదలకుండా బిగించి, ఉండ కట్టకుండా తెడ్డుతో గెలికేది. ఆ పాళ్లలోనే చేసుకో. పక్కన పప్పో, ఉలవలో, అలసందలో తప్పక ఉండాలి, ఎందుకంటే ధాన్యంలో కొరతగా ఉండే మాంసకృత్తుల భాగాన్ని అవే పూరిస్తాయి. కిలో బరువుకు 0.83 గ్రాముల చొప్పున, యాభై కిలోల మనిషికి రోజుకు నలభై గ్రాముల పైచిలుకు మాంసకృత్తులు కావాలి. ఉడికించిన చెనిక్కాయలు గుప్పెడు తిన్నా కొంత సమకూరుతుంది.

ఇనుము విషయంలో మా ఇంట్లోనే పొరపాటు జరిగింది. మీ అత్త రోజూ తోటకూర తింటూనే ఉన్నా రక్తం తక్కువని తేలింది. విచారిస్తే, భోజనం కాగానే టీ తాగే అలవాటు కూడా ఒక కారణమని డాక్టరు చెప్పారు. టీలోని ఒగరు పదార్థం ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. టీని గంట దూరం జరిపి, ఆకుకూర మీద నిమ్మరసం పిండుకోవడం అలవాటు చేసుకో. ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి కాబట్టి దీన్ని తేలికగా తీసుకోవద్దు.

ఉప్పు అన్నింటిలో కలిపి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చెంచా దాటకూడదు. ఊరగాయలో ఉన్నదీ ఆ లెక్కలోనిదే. సాయంత్రం ఉగ్గాని తినవచ్చు, పక్కన బజ్జీలు మాత్రం ఎప్పుడో ఒకసారి చాలు.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు, ఈ వారంలోనే రక్త పరీక్ష చేయించుకుని హిమోగ్లోబిన్ ఎంత వచ్చిందో నాకు తెలియజేయి. ఆదివారం మీ అన్నతో రాగిపిండి, కొర్రలు, ఉలవలు పంపుతున్నాను.

మామయ్య