మేనత్త తొలి సంవత్సరీకం: ముగ్గురివీ మూడు దారులు

ప్రశ్న: అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్లు. మా ముగ్గుర్నీ పెంచింది మేనత్తే. పెళ్లి చేసుకోలేదు. కోనసీమలో మా ఊరి బడిలోనే టీచరుగా చేసి రిటైరయ్యారు. 2025 జూన్‌లో, జ్యేష్ఠ బహుళ పంచమి నాడు పోయారు. తొలి సంవత్సరీకానికి ఆవిడ పేరున ఏదైనా చేద్దామనుకున్నాం. అమెరికాలో ఉన్న అన్నయ్య నాలుగు లక్షలు ఇస్తానన్నాడు, నేనూ తమ్ముడూ చెరో లక్ష. అన్నయ్య ఊళ్లో మంచినీళ్ల ప్లాంటు పెట్టి పేరు రాయిద్దామంటాడు. తమ్ముడు ఊరందరికీ భోజనాలు పెట్టాల్సిందే అంటాడు. నాకేమో ఆడపిల్లల చదువుకి ఇవ్వాలని ఉంది. ఫోన్లో మాటామాటా పెరిగి రెండు నెలలుగా మాటల్లేవు. నాన్నకి 78 ఏళ్లు, ఏమీ మాట్లాడరు. అత్తయ్య పేరెత్తితే నాకు గొంతు పూడుకుపోతుంది. ఏం చేయమంటారు?

జవాబు: ఎవరు ఎంత ఇస్తారో వివరంగా రాశారు. అత్తయ్య ఎలాంటి మనిషో మాత్రం రెండు మూడు వాక్యాల్లో తేల్చేశారు. ఫోన్లో మీ ముగ్గురి మధ్యా జరిగిందీ ఇదే అయ్యుంటుంది. ఆవిడ గురించి మాట్లాడుకోకుండానే ఆవిడ పేరు మీద ఏం కట్టాలో తేల్చబోయారు. అందుకని డబ్బు మాట నెల రోజులు పక్కన పెట్టండి. ముగ్గురూ తలో పది పదిహేను పంక్తులు రాయండి: అత్తయ్య ఎవరికైనా ఏదైనా ఇస్తుండగా మీరు కళ్లారా చూసిన ఒక్క సంఘటన. ‘దేవత’, ‘మంచి మనసు’ లాంటి మాటలు వద్దు. ఎవరికి, ఏ సంవత్సరం, ఏమిచ్చారు, ఏమన్నారు అన్నవే ఉండాలి. ఆవిడ దగ్గర చదువుకున్న నలుగురైదుగురి చేతా ఇలాగే రాయించండి. ఆవిడ రహస్యంగా ఎవరి ఫీజు కట్టారో, ఎవరింటికి బియ్యం పంపారో అందులో బయటపడుతుంది. ఏం చేయాలన్నది చాలావరకు అక్కడే తేలుతుంది.

ఇక మూడు ఆలోచనల సంగతి. నీళ్ల ప్లాంటు వద్దనే చెబుతాను. కట్టడం తేలికే, నడపడమే కష్టం. రెండు మూడేళ్లకోసారి నీళ్లు వడగట్టే మెంబ్రేన్లు మార్చాలి, నెలనెలా కరెంటు బిల్లు కట్టాలి, చూసుకునే మనిషికి జీతమివ్వాలి. ఆరు లక్షలూ నిర్మాణానికే పోతే వీటికి డబ్బుండదు. తుప్పుపట్టిన షట్టరు మీద అత్తయ్య పేరు చూడాల్సిరావడం మీకెవరికీ ఇష్టముండదు.

తమ్ముడి కోరికని ఆర్భాటమని తీసిపారేయకండి. డొక్కా సీతమ్మగారు అన్నదానం చేసిన సీమ మీది. అన్నం పెట్టడమే అక్కడ పెద్ద గౌరవం. బడి భోజన పథకానికి ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడున్నది ఆవిడ పేరే. అయితే ఊరందరి బదులు అత్తయ్య పనిచేసిన బడిలో పెట్టమనండి. ప్రత్యేక సందర్భాల్లో పిల్లలకు బయటివాళ్లు భోజనం పెట్టడానికి కేంద్ర మధ్యాహ్న భోజన పథకంలోనే ‘తిథి భోజన్’ అనే వీలుంది. పేరులో తిథి ఉంది కదా అని ఆబ్దికం రోజున మాత్రం పెట్టకండి. తద్దినం భోజనమంటే చాలా ఇళ్లలో పిల్లల్ని తిననివ్వరు. వాళ్లని తప్పుపట్టలేం. ఆవిడ పుట్టినరోజో, సెప్టెంబరు 5 గురుపూజోత్సవమో మంచిది.

హెడ్‌మాస్టరుగారికి కనీసం వారం ముందు కాగితం మీద రాసివ్వండి. పథకం లెక్కలో ఒక్కో పిల్లవాడికి బియ్యం 5వ తరగతి దాకా 100 గ్రాములు, 6 నుంచి 8 దాకా 150 గ్రాములు. పెద్ద తరగతుల పిల్లలు 120 మంది ఉంటే 18 కిలోలన్నమాట. మీరు పైన పాయసం, అరటిపండు, ఒక వేపుడు చేరిస్తే చాలు. బయటి నుంచి క్యాటరింగ్ తెప్పించకండి. ఉదయం ఆరింటికి వండిన పులిహోర మధ్యాహ్నానికి పాడైతే పిల్లలు ఆసుపత్రి పాలవుతారు. బడిలో వంట చేసే ఆయమ్మలకే ఆ రోజు కూలి అదనంగా ఇచ్చి అక్కడే వండించండి. వడ్డించేముందు ఒక టీచరు రుచి చూడాలన్న నియమం ఉంది, దాన్ని వదలొద్దు.

ఆబ్దికం తేదీ ఇప్పుడే చూసుకోండి. 2026 మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. నిజ జ్యేష్ఠ బహుళ పంచమి జులై మొదటి వారంలో వస్తుంది. అధిక మాసం విషయంలో మీ ఇంటి ఆచారం ఏమిటో పురోహితుణ్ణి అడిగాకే అన్నయ్య టిక్కెట్టు కొనాలి.

మీ ఆలోచనే ఎక్కువ కాలం నిలుస్తుంది, జాగ్రత్తలూ దానికే ఎక్కువ. నాలుగు లక్షలు డిపాజిట్ చేసి ఆరున్నర శాతం వడ్డీ వస్తుందనుకుందాం. ఏడాదికి 26,000. మొత్తం పంచేస్తే పదేళ్లకు ఆ సొమ్ముతో పుస్తకాలు కూడా రావు. 6,000 అసలులో కలిపి, 20,000 ఇద్దరమ్మాయిలకు ఇవ్వండి. ఫస్టు ర్యాంకుకని పెట్టకండి, ఆ అమ్మాయికి ఎలాగూ నలుగురు సాయం చేస్తారు. పదో తరగతి పాసై, ఇంటర్లో చేరుతుందో లేదో తెలియని అమ్మాయెవరో టీచర్లకు తెలుస్తుంది. డబ్బు జూన్‌లో చేరేటప్పుడే అందాలి. ఆగస్టు 15న సభ పెట్టి ఇస్తే ఆపాటికే మానేసి ఉంటుంది. అత్తయ్య ఫొటో పక్కన నిలబెట్టి చెక్కు ఇప్పించడం కూడా వద్దండీ, ఆ వయసు పిల్లకి అది చిన్నతనంగా ఉంటుంది.

పెద్దవాళ్లకి అర శాతం ఎక్కువొస్తుందని డిపాజిట్ నాన్నగారి పేరున వేయకండి, రేపు మళ్లీ వారసుల లెక్క మొదలవుతుంది. మీరూ తమ్ముడూ జాయింటుగా వేసి, నామినీ రాసి, ఇది ఎందుకోసమో ఒక కాగితం మీద ముగ్గురూ సంతకాలు చేయండి. వడ్డీ మీద పన్ను మీరే కట్టాలి. ఈ మాత్రం సొమ్ముకి ట్రస్టు రిజిస్టరు చేయడం భారమే. ఉన్న సంస్థకే ఇవ్వాలనుకుంటే ‘ఇది మూలనిధికి, వడ్డీయే ఖర్చు చేయాలి’ అని మీరు లిఖితపూర్వకంగా ఇవ్వాలి. లేకపోతే మామూలు విరాళంగా ఆ ఏడాదే ఖర్చయిపోవచ్చు. విరాళాల మీద పన్ను మినహాయింపు (80జి అంటారు) పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. 2,000 దాటి నగదుగా ఇచ్చిందానికీ, బియ్యం బట్టల రూపంలో ఇచ్చిందానికీ అది రాదు.

అన్నయ్య అమెరికా పౌరసత్వం తీసుకున్నారో లేదో మీరు రాయలేదు. భారత పాస్‌పోర్టే ఉంటే బ్యాంకు ద్వారా నేరుగా సంస్థకి పంపొచ్చు. పౌరసత్వం మారితే, భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ మాత్రమే, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతా ద్వారానే తీసుకోవాలి. ఇది చూసుకోకపోతే ఇబ్బంది పడేది ఆ సంస్థ.

ఇప్పుడు నాన్నగారు. పోయింది ఆయన తోబుట్టువు. ‘అత్తయ్య గురించి చెప్పండి నాన్నా’ అంటే ఆయన మాట్లాడకపోవచ్చు. పాత ఫొటో ఒకటి చేతికిచ్చి ‘ఇది ఎవరు తీశారు, అప్పుడు మనం ఏ ఇంట్లో ఉన్నాం’ అనండి. ఫ్యాను ఆపి, ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి రికార్డు చేయండి. అరగంట చాలు, అలసిపోతే ఆపేయండి. ఆయన చెప్పిన పేర్లు ఫొటో వెనక మెత్తని పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్ ముందువైపు అచ్చు పడుతుంది. చిన్న ఫొటోలు 600 డీపీఐలో స్కాన్ చేయించి వాట్సాప్‌లో ‘డాక్యుమెంట్’గా పంపండి, మామూలుగా పంపితే నాణ్యత పోతుంది. లామినేషన్ మాత్రం చేయించకండి.

ఏడాది తిరగకముందు గొంతు పూడుకుపోవడం జబ్బు కాదు. నిద్ర, తిండి, పని వారాల తరబడి దెబ్బతింటుంటే మాత్రం ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలీ మానస్‌కి చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇంకొకటి. అత్తయ్య ఆవకాయ దేనితో కొలిచేవారు? అది గిద్దైనా, సోలైనా, పాత స్టీలు గ్లాసైనా, నిండా నీళ్లు పోసి ఎన్ని మిల్లీలీటర్లో కొలిచి రాసిపెట్టుకోండి. ఆ పాత్ర పోతే ఆవిడ లెక్క కూడా పోతుంది. అదిప్పుడు ఎవరింట్లో ఉందో తమ్ముడికి ఫోన్ చేసి అడగండి.