కెమెరా ముందు కూర్చుంటే తోబుట్టువులు నిజంగా కలుస్తారా?

బ్రాక్స్‌టన్ అక్కచెల్లెళ్ళ షోలో లాగా ఎదురెదురు కూర్చుంటే కలుస్తారా అని అడిగారు, మీ అన్నతో 3 ఏళ్ళుగా మాటల్లేవని కూడా రాశారు కాబట్టి నా సంగతే చెప్తా.

ఆ షో 2011లో అమెరికాలో వీ టీవీ అనే ఛానెల్లో మొదలైంది, సింగర్ టోనీ బ్రాక్స్‌టన్, ఆమె నలుగురు చెల్లెళ్ళు, వాళ్ళమ్మ, వీళ్ళ ఇంటి సంగతులే చూపించే రియాలిటీ షో. అందులో ట్రేసీ అనే చెల్లెలి బాధ నన్ను పట్టుకుంది, 90ల్లో మిగతా చెల్లెళ్ళ పాటల గ్రూప్ ముందుకెళ్తుంటే తను కడుపుతో ఉండి బయట ఉండిపోయింది, ఆ గాయం అన్నేళ్ళ తర్వాత కూడా మానలేదు. 2022 మార్చిలో క్యాన్సర్‌తో పోయింది, 50 ఏళ్ళకే. 2024లో మిగతా నలుగురూ మళ్ళీ షోకి వచ్చారు, తను లేకుండానే.

ఆ చావు వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదండి. మాది విజయవాడ, అన్నది గుంటూరు, గంటన్నర దూరం కూడా లేదు, కానీ నాన్న పోయాక పట్నం బజార్లో షాపు అమ్మిన డబ్బుల దగ్గర మొదలై 7 ఏళ్ళు మాటల్లేవు. 2016 కృష్ణా పుష్కరాల్లో నాన్నకి పిండాలు తను దుర్గా ఘాట్‌లో పెట్టాడు, నేను పద్మావతి ఘాట్‌లో పెట్టా. పంతులుగారు పెద్దకొడుకువా నాయనా అనడిగారు, కాదండి అన్న ఉన్నాడు అన్నా, మరి రాలేదా అంటే నీళ్ళలోకి చూస్తూ నిలబడ్డా.

ట్రేసీ వార్త చదివిన తెల్లారే ఫోన్ కూడా చేయకుండా నాన్‌స్టాప్ ఎక్కి వెళ్ళిపోయా. అన్నే తలుపు తీశాడు, కాసేపు చూసి "చెప్పులు లోపల పెట్టు, కుక్క ఎత్తుకుపోద్ది" అన్నాడు, అంతే. వదిన కాఫీ ఇచ్చి లోపలికెళ్ళింది. అరగంట ఇద్దరం పేపర్ తిరగేశాం. అప్పుడు అడిగాడు, "నాన్న మందుల ఖర్చుకి నేను దొంగ లెక్క రాశానన్నావంట కదరా" అని. నేను అప్పట్లో అన్నది షాపు అడ్వాన్స్ లెక్క ఒకసారి చూద్దాం అని, అది చుట్టాల నోళ్ళల్లో పడి వాడి దగ్గరికి ఇలా చేరింది! 7 ఏళ్ళు వాడు ఆ మాటనే మోశాడు.

అందుకే నాకనిపించేది, ఆ షోలో పనికొచ్చింది కెమెరా కాదు, మధ్యలో మోసుకొచ్చేవాళ్ళు లేకుండా ఎవరి మాట వాళ్ళే చెప్పుకోవడం. అలాగని పెద్దమనుషుల్ని పిలిచి కూర్చోబెట్టొద్దు, నలుగురి ముందైతే ఎవడూ తగ్గడు, మా బాబాయి ఇంట్లో పంచాయితీ పెడితే మాకు ఇంకా చెడింది. మొదటి రోజే డబ్బుల ఊసు ఎత్తొద్దు. మా లెక్క ఇప్పటికీ పూర్తిగా తేలలేదు, అయినా ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాడు.

మీ అన్న ఏ ఊళ్ళో ఉంటాడో రాయలేదు మీరు. బస్సులో వెళ్ళొచ్చే దూరమైతే ఈ ఆదివారమే వెళ్ళండి, వస్తున్నానని మాత్రం ఎవరితోనూ చెప్పి పంపకండి.